బ్రయాన్ టాల్బట్‌ని చదివినవాళ్లు ఎవరైనా ఉన్నారా? (జరగని చరిత్రల కామిక్స్)

పాతపేజీ:
అందరికీ నమస్కారం. ఈ విభాగంలో జపాన్ మాంగా మీద, అమెరికా సూపర్‌హీరోల మీద బోలెడు థ్రెడ్లు ఉన్నాయి. బ్రిటన్ కామిక్స్ అనేసరికి మాత్రం మాట అలన్ మూర్ దగ్గరే ఆగిపోతోంది. నాకు ఆయనంత ఇష్టమైన మనిషి ఇంకొకరున్నారు, బ్రయాన్ టాల్బట్. ఈ ఫోరంలో ఆయన పేరు వెతికితే ఒక్క పోస్టూ దొరకలేదు. అందుకే ఇది మొదలుపెడుతున్నాను.

1952లో ఇంగ్లండ్‌లోని విగాన్‌లో పుట్టాడు. లాంకషైర్ బొగ్గు గనుల ఊరది. 1969లో టోల్కీన్ అభిమానుల సంఘం పత్రికకు బొమ్మలు వేయడంతో అచ్చులోకి వచ్చాడు. ప్రెస్టన్‌లో గ్రాఫిక్ డిజైన్ చదివాడు. 1975 నుంచి బ్రెయిన్‌స్టార్మ్ అనే అండర్‌గ్రౌండ్ కామిక్‌కి కథ, బొమ్మలు రెండూ తనే చేశాడు. 1976లో ఒక చిన్న కథలో లూథర్ ఆర్క్‌రైట్ అనే పాత్రను పుట్టించాడు. ఆ పాత్ర మీద చివరి పుస్తకం వచ్చింది 2022లో. మధ్యలో నలభై ఆరేళ్లు!

ఆర్క్‌రైట్ కథ క్లుప్తంగా చెప్తాను. విశ్వాలు ఒకదాని పక్కన ఒకటి లెక్కలేనన్ని ఉంటాయి. వాటి మధ్య తన మనోబలంతో రాకపోకలు చేయగలిగినవాడు ఆర్క్‌రైట్. ఒక విశ్వంలో, పదిహేడో శతాబ్దంలో రాజుకీ పార్లమెంటుకీ మధ్య జరిగిన ఇంగ్లండ్ అంతర్యుద్ధం మనకు తెలిసినట్టు తేలలేదు. మన చరిత్రలో రాజును ఓడించి దేశాన్ని ఏలిన క్రామ్‌వెల్ పోయాక 1660లో రాజు తిరిగొచ్చాడు కదా, అక్కడ అలా జరగలేదు. ఇరవయ్యో శతాబ్దంలోనూ క్రామ్‌వెల్ వంశంవాడే ప్యూరిటన్ (కరడుగట్టిన మతనిష్ఠ ఉన్న క్రైస్తవ వర్గం) నియంతగా దేశాన్ని ఏలుతుంటాడు. రాజు పక్షంవాళ్లు చాటుగా తిరుగుబాటుకు సిద్ధమవుతుంటారు. ఆర్క్‌రైట్ వచ్చి పడేది ఆ గొడవ మధ్యలోకే.

చదివినవాళ్లు ఉంటే మీ అభిప్రాయాలు రాయండి. చదవనివాళ్లు ఉంటే ఏదైనా అడగండి.

సిరాచుక్క:
పాతపేజీ గారూ, మీరు ఈ పేరు ఎత్తినందుకు మీకు దండం పెట్టాలి. నేను బొమ్మలు వేసేవాణ్ణి కాబట్టి అటువైపు నుంచి రాస్తాను.

చిన్నప్పుడు చందమామలో శంకర్ గారి బేతాళుడి బొమ్మలు చూస్తూ గీతకు అలవాటుపడ్డ చేయి నాది. ఆర్క్‌రైట్ మొదటిసారి తెరిచినప్పుడు, ఇంత నలుపు ఒక పేజీలో ఎలా ఇమిడింది అనిపించింది. దగ్గరగా పెట్టుకుని చూస్తే అది నలుపు కాదు. గీత మీద గీత అడ్డంగా, దాని మీద ఇంకోటి ఏటవాలుగా, మధ్యలో చుక్కలు. హోగార్త్ లాంటి పద్దెనిమిదో శతాబ్దపు చెక్కడపు బొమ్మల పద్ధతి అది. ఒకరోజు సెలవు పెట్టుకుని, అందులో గోడ మీద పడిన ఒక నీడను నిబ్ పెన్నుతో కాపీ చేద్దామని కూర్చున్నాను. అగ్గిపెట్టె అంత ముక్క. పొద్దున్న పదింటికి మొదలుపెడితే భోజనాల వేళకి కూడా తెమల్లేదు. ఆయన అలాంటి పేజీలు వందల్లో గీశాడు!

ఇంకో సంగతి. ఆ పుస్తకంలో 'ధడేల్', 'ఢామ్' లాంటి శబ్దాలు ఉండవు. పరిగెత్తేవాడి వెనక వేగం చూపించే గీతలుండవు. మనసులో మాటలు చెప్పే మబ్బు బెలూన్లూ ఉండవు. కామిక్స్ గీసేవాళ్లకు ఇవి కాళ్లూ చేతుల్లాంటివి. వాటిని కావాలనే వదిలేశాడు. వాటి బదులు, ఒక్క క్షణంలో అయిపోయే కదలికను వరసగా సన్నని ప్యానెళ్లుగా కోసి పేరుస్తాడు. నికొలస్ రోగ్ సినిమాల ఎడిటింగ్ ఆయన మీద బాగా పనిచేసింది. గుండు పేలిన చప్పుడు పేజీ మీద ఎక్కడా ఉండదు, మనకు మాత్రం వినిపిస్తుంది.

జీడిమామిడి:
ఒక డౌట్. ఈయన రచయితా, చిత్రకారుడా? శాండ్‌మాన్ కామిక్‌లో బొమ్మలు వేసినవాళ్ల జాబితాలో ఈ పేరు చూసినట్టు గుర్తు. ఇంకొకరి కథలకి బొమ్మలు వేసే ఆయన అనుకున్నాను ఇన్నాళ్లూ.

పాతపేజీ:
రెండూనండీ. మీకు గుర్తున్నదీ నిజమే, శాండ్‌మాన్‌లో కొన్ని సంచికలు వేశాడు. 1980లలో 2000 ఏడీ వారపత్రికలో పాట్ మిల్స్ రాసిన నెమెసిస్ కథకు కూడా వేశాడు. 'గోథిక్ ఎంపైర్' భాగంలో విక్టోరియా కాలపు బ్రిటన్‌ని అచ్చుగుద్దినట్టు అనుకరించే గ్రహాంతరవాసులు ఉంటారు. అది కెవిన్ ఓనీల్ మొదలుపెట్టగా ఈయన అందుకున్నాడు. ఇవి ఇంటి ఖర్చులు నడిపిన పనులు. సొంత పుస్తకాలకు కథ ఆయనదే, గీతా ఆయనదే.

నా దృష్టిలో జరగని చరిత్ర రాసేవాళ్లకు ఇది పెద్ద బలం. నవలలో అయితే 'ప్యూరిటన్లు ఏలుతున్న లండన్' అని ఒక ముక్క రాసేసి ముందుకు పోవచ్చు. బొమ్మలో ఆ పప్పులు ఉడకవు. సైనికుడి టోపీ ఎలా ఉంటుంది, వీధి దీపం ఎలా ఉంటుంది, గోడ మీద పోస్టర్‌లో ఏముంటుంది, అన్నీ తేల్చుకోవాలి. రాసేవాడూ గీసేవాడూ ఒక్కడే అయితే ఆ తేల్చుకోవడంలోంచే కథ పుడుతుంది.

ఉత్తరగాలి:
నేను ప్రెస్టన్‌లోనే ఉంటాను, ఉద్యోగం ఇక్కడే. టాల్బట్ ఈ ఊళ్లో చదివాడని ఈ థ్రెడ్ చూసేదాకా తెలియదు! ఊరి మధ్యలో ఆర్క్‌రైట్ హౌస్ అని ఒక పాత ఇల్లుంది. నూలు వడికే యంత్రంతో పేరు తెచ్చుకున్న రిచర్డ్ ఆర్క్‌రైట్ 1732లో పుట్టింది ఈ ఊళ్లోనే, 1768లో ఆ యంత్రం మీద పనిచేసింది ఆ ఇంట్లోనే. రోజూ ఆఫీసుకు ఆ పక్కనుంచే వెళ్తాను. మన నేతగాళ్ల పొట్టకొట్టిన లాంకషైర్ మిల్లు బట్టకు మొదలు ఆ యంత్రమే కదా అని అనుకునేదాన్ని. ఇకమీదట ఆ పేరు చూస్తే ఇంకో మనిషీ గుర్తొస్తాడు.

పుస్తకం ఒక్కసారే పూర్తిగా వచ్చిందా, సీరియల్‌గానా?

పాతపేజీ:
సీరియలేనండీ. రెండుసార్లు ఆగి మూడుసార్లు మొదలైందని చెప్పాలి. 1978లో ఎడిన్‌బరో నుంచి నియర్ మిత్స్ అనే పత్రిక వచ్చింది, కామిక్స్ రచయిత గ్రాంట్ మారిసన్ కూడా మొదట కనబడింది అందులోనే. ఆర్క్‌రైట్ అక్కడ మొదలైంది. అయిదు సంచికలకే పత్రిక మూతబడింది. 1982లో ప్‌స్స్ట్! అనే ఇంకో పత్రికలో మళ్లీ మొదలైంది. అదీ పది సంచికలకే ఆగింది. అదే ఏడాది మొదటి భాగం పుస్తకంగా వచ్చింది, రెండో భాగం కోసం 1987 దాకా ఎదురుచూడాల్సొచ్చింది. 1987లో వాల్కిరీ ప్రెస్ వాళ్లు సంచికలుగా వేయడం మొదలుపెట్టాక, 1989కి మొత్తం తొమ్మిది సంచికలతో కథ ముగిసింది. ఆ తర్వాత అమెరికాలో డార్క్ హార్స్ అనే ప్రచురణ సంస్థ వేసింది.

పత్రికలు మూతబడినప్పుడల్లా ఆ కథ వదిలేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. ఆయన వదల్లేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

తొలకరి:
అందరూ పొగుడుతున్నారు కాబట్టి వేరే మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. నేను ఆర్క్‌రైట్ చదవలేదు, ఆయనదే గ్రాండ్‌విల్ అనే ఇంకో సిరీస్ మొదటి రెండు భాగాలు చదివాను. అందులో నెపోలియన్ గెలిచాడు, ఫ్రాన్స్ బ్రిటన్‌ని ఆక్రమించింది, రాజకుటుంబాన్ని గిలొటిన్ ఎక్కించింది. దాదాపు రెండొందల ఏళ్ల తర్వాత, సహాయ నిరాకరణతోనూ బాంబులతోనూ పోరాడి బ్రిటన్ స్వాతంత్ర్యం తెచ్చుకుంది. కథ మొదలయ్యేనాటికి ఆ స్వాతంత్ర్యానికి ఇరవై మూడేళ్లు.

చదువుతున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన. రెండొందల ఏళ్ల పరాయి పాలన, సహాయ నిరాకరణ, తర్వాత స్వాతంత్ర్యం, ఇది మా తాతల కథ కదా! దీన్ని ఇంగ్లండ్‌వాడు తన ఒంటికి తొడుక్కుంటే ఎలా? తన దేశం చేసిన పనికి తన దేశాన్నే బాధితురాలిగా నిలబెడితే చదివే ఇంగ్లీషువాడికి జాలి కలుగుతుందేమో గానీ సిగ్గు కలుగుతుందా? ఇది కోపంతో అంటున్నది కాదు. నిజంగానే తేల్చుకోలేకపోతున్నాను.

సిరాచుక్క:
మంచి ప్రశ్న తొలకరి గారూ. నాకైతే ఆ ఊహలో అహంకారం కనబడలేదు. జాలి కోసం గీసి ఉంటే ఫ్రెంచివాళ్లను రాక్షసుల్లా, ఇంగ్లీషువాళ్లను అమాయకుల్లా గీసేవాడు. రెండో భాగంలో ఏం జరుగుతుందో మీరు చదివారు కదా, స్వాతంత్ర్య పోరాట వీరులని పేరుపడ్డవాళ్ల గతాన్నే హీరో లెబ్రాక్ తవ్వుతాడు. అది చదివి మనవాళ్లు గుర్తురాలేదా మీకు?

పాతపేజీ:
తొలకరి గారూ, మీ ప్రశ్నకు జవాబు ఆయన ఇంకో పుస్తకంలో ఉందని నా నమ్మకం. అది చెప్పాలంటే ఆర్క్‌రైట్ ముగింపు కొంత బయటపెట్టాలి. చదవబోయేవాళ్లు ఈ పోస్టు దాటేయండి.

1989లో ఆర్క్‌రైట్ ముగిసేసరికి ప్యూరిటన్ నియంత కూలిపోతాడు, రాజు పక్షం గెలుస్తుంది, ఆన్ రాణి సింహాసనం ఎక్కుతుంది. పాఠకుడు చప్పట్లు కొట్టే ముగింపు. ఇంకొకరైతే అక్కడ శుభం కార్డు వేసి ఊరుకునేవాళ్లు. టాల్బట్ పదేళ్ల తర్వాత, 1999లో 'హార్ట్ ఆఫ్ ఎంపైర్'తో వెనక్కి వచ్చాడు. కథలో ఇరవై మూడేళ్లు గడిచాయి. ఆ రాణి ఇప్పుడు ప్రపంచాన్ని తొక్కిపట్టిన సామ్రాజ్ఞి. మన హీరో గెలిపించిన పక్షమే బానిసలను పెట్టుకుంది, జాతి గొప్పలు చెప్పుకుంటోంది, లండన్ నిండా బంగారు పూత, కింద కుళ్లు. ఆర్క్‌రైట్ కూతురు విక్టోరియా యువరాణి ఆ కుళ్లు మధ్యలో కళ్లు తెరుస్తుంది. మొదటి పుస్తకం నలుపు తెలుపు. ఇది రంగుల్లో ఉంటుంది, రంగులు ఆంగస్ మెకీ వేశాడు. ఆ రంగులు కూడా కొంచెం మితిమీరిన వైభవంలా ఉంటాయి, అలా ఉండటమే సబబు.

అంటే ఈయన చరిత్రను ఒక మలుపు తిప్పి ఊరుకోడు. కొన్నేళ్లాగి వెళ్లి, గెలిచినవాళ్లు ఏం చేశారో చూసి వస్తాడు, తను గెలిపించినవాళ్లనైనా సరే. సిరాచుక్క గారు చెప్పిన గ్రాండ్‌విల్ రెండో భాగం కూడా అదే పని. సిగ్గు కలగాలంటే చదవాల్సిన పుస్తకం హార్ట్ ఆఫ్ ఎంపైర్.

తొలకరి:
ఆ పోస్టు దాటేయమన్నా చదివేశాను. హార్ట్ ఆఫ్ ఎంపైర్ తప్పకుండా చదువుతాను, మాట ఇస్తున్నా. నా అభ్యంతరం పూర్తిగా పోలేదు, సగం తగ్గింది.

ఇంకోటి గమనించారా? రెండింట్లోనూ ఇరవై మూడేళ్లే. స్వాతంత్ర్యం వచ్చిన ఇరవై మూడేళ్లకు ఒక కథ, సింహాసనం ఎక్కిన ఇరవై మూడేళ్లకు ఇంకో కథ. ఒక తరం పెరిగి పెద్దదయ్యే కాలం అది. పోరాటం చూడని పిల్లలు ప్రశ్నలడిగే వయసు.

కోరంగి:
కొత్త సభ్యుణ్ణి. మాది పిఠాపురం దగ్గర. ఇప్పటిదాకా చదువుతూ కూర్చున్నాను, ఫ్రెంచివాళ్లు గెలిస్తే అన్న మాట రాగానే ఉండబట్టలేకపోయాను.

టాల్బట్‌కి ఆ మలుపు నెపోలియన్ కాలంలో ఉంది. మాకు అది అంతకంటే యాభై ఏళ్ల ముందు, మా చందుర్తి పొలాల్లో ఉంది. 1753లో హైదరాబాద్ పాలకుడు సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివాళ్లకు రాసిచ్చాడు. శ్రీకాకుళం నుంచి కొండపల్లి దాకా ఫ్రెంచి సేనాని బుస్సీ మాటే చెల్లింది. 1757 బొబ్బిలి యుద్ధం అందరికీ తెలిసిందే, అక్కడ పేలిన ఫిరంగులు బుస్సీవి. తర్వాత రెండేళ్లు తిరక్కముందే, 1758 డిసెంబరులో, చందుర్తి దగ్గర ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్‌ని ఓడించాడు. విజయనగరం ఆనందరాజు ఇంగ్లీషువాళ్ల వైపు నిలబడ్డాడు. 1759 ఏప్రిల్లో మచిలీపట్నం కోట కూడా పోయింది. మాకు మిగిలిన ఫ్రెంచి ముక్క యానాం ఒక్కటే, అది 1954 దాకా వాళ్లదే.

ఆ రోజు పొలాల్లో ఫోర్డ్ ఓడిపోయి ఉంటే? మా తాతలు చదివిన బళ్లు వేరు, కోర్టుల్లో భాష వేరు, మేం వలసపోయే దేశాలు వేరు. యానాం వీధుల్లో నడుస్తున్నప్పుడు ఎప్పుడూ అదే ఆలోచన. దీన్ని ఎవరైనా బొమ్మల కథగా గీస్తే బాగుండు.

సిరాచుక్క:
కోరంగి తమ్ముడూ, ఒళ్లు గగుర్పొడిచింది. ఈ రాత్రి నిద్రపట్టదు నాకు. చందుర్తి వైపు ఒకసారి తీసుకెళ్లు, స్కెచ్‌బుక్ పట్టుకుని వస్తా.

జీడిమామిడి:
గ్రాండ్‌విల్ అంటే ఆ జంతువుల ముఖాల డిటెక్టివ్ కథేనా? దాని గురించి కాస్త చెప్పండి, ముందు అది కొనాలా?

సిరాచుక్క:
అదే. 2009లో మొదటి భాగం, 2017లో అయిదోది, అక్కడితో పూర్తి. హీరో ఇన్‌స్పెక్టర్ లెబ్రాక్ స్కాట్లండ్ యార్డ్ బ్యాడ్జర్, అంటే బొరియల్లో ఉండే ఆ నలుపు తెలుపు చారల జంతువు. మెదడు షెర్లాక్‌ది, కండలు పహిల్వాన్‌వి. తోడు రాట్జీ అనే ఎలుక, ఒంటికన్ను అద్దం పెట్టుకుని దర్జాగా ఉంటాడు. గ్రాండ్‌విల్ అన్నది పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడి కలంపేరు. మనుషుల బట్టలు తొడిగిన జంతువుల బొమ్మలు గీశాడాయన. కథలో పారిస్‌నే గ్రాండ్‌విల్ అంటారు.

ఇందులో మనుషులు కూడా ఉంటారు, కానీ హక్కుల్లేని తక్కువజాతిగా. వాళ్లను పిండిముఖాలు అంటారు. వాళ్లు పుట్టింది ఆంగులేమ్ ఊళ్లో అని కథ చెప్తుంది. ఐరోపాలోని అతి పెద్ద కామిక్స్ ఉత్సవాల్లో ఒకదానితో పేరు తెచ్చుకున్న ఊరు అది. ఇలాంటివి పేజీకొకటి దాచిపెడతాడు. నాకు మనసులో నిలిచిపోయింది మొదటి భాగంలో నల్లమందు అడ్డా. పొగలో ఒక తెల్లటి చిన్న కుక్క మత్తుగా పడుకుని ఉంటుంది. చూడగానే పోల్చుకుంటాం, టిన్‌టిన్ పక్కన పరిగెత్తే కుక్క! ఆ సాహసాలన్నీ మత్తులో అది కంటున్న కలలు. నవ్వొచ్చింది, ఆ వెంటనే గుండె చివుక్కుమంది.

మూడో భాగం వదలొద్దు. డబ్బున్నవాళ్లు నైరూప్య చిత్రకళను పనిగట్టుకుని పైకి లేపుతారు, ఎందుకంటే అందులో పేదవాడి గోడు కనబడదు. బొమ్మలు వేసేవాణ్ణి కాబట్టి నాకు బాగా తగిలింది.

ఉత్తరగాలి:
ఇక్కడి లైబ్రరీలో అడిగితే ఆర్క్‌రైట్ లేదు గానీ 'ది టేల్ ఆఫ్ వన్ బ్యాడ్ ర్యాట్' దొరికింది. ఇది జరగని చరిత్ర కాదు, అయినా రాస్తాను.

హెలెన్ అనే అమ్మాయి. తండ్రి చేసే లైంగిక హింస భరించలేక ఇల్లు వదిలి లండన్‌లో అడుక్కుంటూ, పెంపుడు ఎలుకను దగ్గర పెట్టుకుని తిరుగుతుంది. చిన్నప్పటి నుంచి బియాట్రిక్స్ పాటర్ పుస్తకాలే ఆమెకు ఆసరా. ఆ రచయిత్రి బతికిన లేక్ డిస్ట్రిక్ట్ దాకా వెళ్తుంది. ఎవరైనా తాకబోతే హెలెన్ భుజాలు ఎలా బిగుసుకుంటాయో ఆయన గీసిన తీరు చూసి నేను పుస్తకం మూసి కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. చివర్లో ఆమె తండ్రి ఎదుట నిలబడి మాట్లాడే పేజీలు మా అక్కకు ఫోన్ చేసి మరీ చదివి వినిపించాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం.

పాతపేజీ:
ఆ పుస్తకానికి 1996లో, కామిక్స్‌కి ఇచ్చే ఐస్నర్ అవార్డు వచ్చింది. మీకు అది నచ్చితే 'డాటర్ ఆఫ్ హర్ ఫాదర్స్ ఐస్' కూడా వెతకండి. రాసింది ఆయన భార్య మేరీ టాల్బట్, గీసింది ఆయన. ఐరిష్ రచయిత జేమ్స్ జాయిస్ కూతురు లూసియా జీవితం ఒకవైపు, జాయిస్ మీద పరిశోధన చేసిన తన తండ్రితో మేరీ పడ్డ అవస్థ ఇంకోవైపు. బ్రిటన్‌లో పుస్తకాలకిచ్చే కోస్టా బహుమతుల్లో 2012కి జీవితచరిత్ర విభాగం గెలిచింది. ఒక బొమ్మల పుస్తకానికి కోస్టా రావడం అదే మొదలు. అందులో ఒకచోట ఆయన మేరీ అమ్మగారికి కుచ్చుల ఏప్రన్ వేసి గీశాడు. మా అమ్మ అలాంటిది చచ్చినా కట్టుకునేది కాదని మేరీ కింద నోట్ పెట్టింది. బొమ్మ మార్చలేదు, నోటూ తీయలేదు. రెండూ అలాగే అచ్చయ్యాయి. నాకు ఎంతో ముచ్చటేసింది.

ఇక కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు: ముందు గ్రాండ్‌విల్ మొదటి భాగం, తర్వాత బ్యాడ్ ర్యాట్. ఆర్క్‌రైట్‌కి ఓపిక కావాలి, మొదటి నలభై పేజీలు కాలం ముందుకీ వెనక్కీ దూకుతుంది. ఖాళీగా ఉన్న ఆదివారం పెట్టుకోండి, ఫోన్ పక్కన పెట్టేయండి. అది అయ్యాకే హార్ట్ ఆఫ్ ఎంపైర్, ఆ తర్వాత 2022లో వచ్చిన 'ది లెజెండ్ ఆఫ్ లూథర్ ఆర్క్‌రైట్'.

తొలకరి:
హార్ట్ ఆఫ్ ఎంపైర్ అయింది. మాట నిలబెట్టుకున్నాను. ముందు ఆర్క్‌రైట్ కూడా చదివాను, రెండు వారాలు పట్టింది.

పాతపేజీ గారూ, మీరు చెప్పింది నిజం. ఆ రాణిని మొదటి పుస్తకంలో ఇష్టపడ్డాను, అందుకే రెండో పుస్తకంలో ఆమె ముఖం చూస్తుంటే కడుపులో తిప్పింది. ఒక్క మాట మాత్రం నిలబెట్టుకుంటాను. సామ్రాజ్యం కింద నలిగినవాళ్ల వైపు నుంచి కథ నడిచింది తక్కువ, కెమెరా ఎక్కువసేపు రాజభవనంలోనే ఉంది. దానికి కోరంగి గారి చందుర్తి కథే రావాలి.

కోరంగి:
సిరాచుక్క అన్న నిన్న వచ్చి వెళ్లారు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా పొలం గట్ల మీద తిరిగాం. వరి కోతలు అయిపోయాయి, నేలంతా మోళ్లు. అన్న నాలుగు పేజీలు గీశారు, ఒక పేజీలో దూరంగా తాటిచెట్ల వరస, దాని ముందు ఖాళీ. ఫిరంగి ఎక్కడ పెడతారు అంటే ఇంకా తెలీదన్నారు.

జీడిమామిడి:
గ్రాండ్‌విల్ మొదటి భాగం చదివేశాను, తెల్ల కుక్క దగ్గర నేనూ ఆగిపోయాను. రెండోది ఎవరి దగ్గరైనా ఉందా? కొత్తది చాలా ఖరీదుంది. నేను కాకినాడలో ఉంటాను.

కోరంగి:
నా దగ్గర లేదండీ, అన్న దగ్గర ఉండాలి.

సిరాచుక్క:
ఉంది. అట్ట ఒక మూల నలిగింది, లోపలంతా శుభ్రంగా ఉంది. వచ్చే ఆదివారం మళ్లీ చందుర్తి వస్తున్నాను, కాకినాడలో దిగి ఇచ్చేస్తాను. మీరు మొదటిది తెచ్చుకోండి, మా అమ్మాయి అడుగుతోంది.